నీరటిని తీసెయ్యాలా, కైకిలి రేటు పెంచాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అచ్చంపేట దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నా, హాస్టల్లో ఉంటా. రెండేళ్ల నుంచి ఒక కార్డుల ఆట తయారు చేస్తున్నా, పేరు 'గొలుసుకట్టు', ఒకదాని నీళ్లు ఇంకోదానికి పోయే చెరువుల వరస అన్నమాట. ఎవరి కార్డులు వాళ్లు ప్యాకెట్లు కొని పోగేసుకుని, వాటిలోంచి 40 ఏరుకుని సొంత కట్ట తయారు చేసుకుని ఆడే రకం. ఒకే కార్డు మూడు దాకా పెట్టుకోవచ్చు. మొదట చేతికి 5 కార్డులు, తర్వాత వంతుకి ఒకటి. వంతుకి 3 నీళ్లు వచ్చి చెరువులో జమవుతాయి, ఆ నీళ్లు ఖర్చు పెట్టి కార్డులు ఆడాలి. 'వరి చేను' కార్డు మీద 2 నీళ్లు పెట్టినప్పుడల్లా ఒక పుట్టి పండుతుంది. ముందు 20 పుట్లు తీసినవాడు గెలిచినట్టు. ఇప్పటికి 120 కార్డులు అయ్యాయి. సమస్య నా రూమ్మేట్ కట్టతో వచ్చింది. 'నీరటి' (చెరువు నీళ్లు పంచే మనిషి, రేటు 2, టేబుల్ మీదే ఉంటాడు: నువ్వు పని కార్డు ఆడిన ప్రతిసారీ 1 నీరు), 'కైకిలి' (అంటే కూలి, పని కార్డు, రేటు 1: ఒక కార్డు తీసుకో), 'గుంపు మేస్త్రీ' (పని కార్డు, రేటు 2: ఆడేసిన మిగతా పని కార్డులన్నీ మళ్లీ చేతిలోకి), ఈ మూడూ కలిపి ఐదారు వంతుల్లో అందరినీ ఓడిస్తున్నాడు. కైకిలి రేటు 2కి పెంచా. మిగతావాళ్లు కైకిలిని వాడడమే మానేశారు, వాడు మాత్రం ఇంకా గెలుస్తూనే ఉన్నాడు. నీరటిని పూర్తిగా తీసెయ్యమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. 120 కార్డుల్లో ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో అసలు ఎలా చూడాలి? అరుదుగా దొరికే కార్డులు ఎక్కువ బలంగా ఉండాలా? వరి, జొన్న, ఆముదం కట్టలు మూడూ సమానంగా రావాలని కూడా చూస్తున్నా. ప్యాకెట్ 20 రూపాయలు. ఎండాకాలం సెలవుల్లో ప్రింటుకి ఇద్దామనుకున్నా, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. కార్డుల ఫొటోలు పంపుతున్నా. ఏదైనా తేడా వస్తే ప్రింటయ్యాక ఆ కార్డుని నిషేధిస్తే సరిపోతుంది కదా?

జవాబు:

తమ్మీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా, నువ్వు పంపిన కార్డుల ఫొటోలు కూడా ఒక్కొక్కటీ చూశా. మాది నల్లగొండ పక్కన చెరువు కింద ఊరు. నీరటి తూము తెరిచి ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసిన రోజుల గురించి మా తాత చెప్తుంటే విన్నవాణ్ని, ఆ మనిషిని ఒక కార్డు మీద చూసేసరికి మనసు నిండింది. కాబట్టి ఈ ఆట బాగుపడాలని నీకెంత ఉందో నాకూ అంతే ఉంది.

ముందు కైకిలి సంగతి. దాని రేటు ఇవాళే మళ్లీ 1కి తెచ్చెయ్. 1 నీరు పెట్టి ఒక కార్డు తీసుకోవడం అన్నది ఏ ఆటలోనైనా మామూలు బేరం, అందుకే అందరి కట్టల్లో కైకిలి ఉండేది. నువ్వు రేటు పెంచినప్పుడు దెబ్బ తగిలింది వాళ్లకి, మామూలుగా వాడుకుంటున్నవాళ్లకి. నీ రూమ్మేట్‌కి ఏం కాలేదు, ఎందుకంటే వాడి టేబుల్ మీద ఇద్దరు నీరటులు ఉంటారు, రేటు 2 అయినా వాడికి ఆ రెండూ తిరిగి వచ్చేస్తాయి.

పెన్సిల్ తీసుకుని పాత రేట్లతోనే లెక్క వేసి చూడు. ఒక్క నీరటి ఉంటే కైకిలి ఉచితం అవుతుంది, మేస్త్రీకి నికరంగా 1 ఖర్చు, అంటే అది ఎక్కువసేపు సాగదు. ఇద్దరు నీరటులు ఉంటే మేస్త్రీ ఉచితం, ప్రతి కైకిలికీ 1 నీరు మిగులుతుంది, పైగా ఒక కార్డు వస్తుంది. ఇప్పుడు ఇద్దరు మేస్త్రీలు ఉన్నారనుకో. మొదటివాడు రెండోవాణ్ని, కైకిళ్లందరినీ వెనక్కి పిలుస్తాడు, వాళ్లందరినీ ఆడేశాక రెండోవాడు మొదటివాణ్ని పిలుస్తాడు, మళ్లీ మొదలు. ఎక్కడా ఆగదు. ఒకే వంతులో ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని. నీ రూమ్మేట్ చేస్తున్నది ఇదే, వాడు దీన్ని కనిపెట్టినందుకు వాడి మీద కోపం తెచ్చుకోకు, నీకు ప్రింటు ఖర్చు మిగిల్చాడు.

నువ్వు 120 కార్డులనీ ఒక్కొక్కటిగా తూకం వేశావు, ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది. రేటు 1కి ఇంత, రేటు 2కి ఇంత అని చాలా ఓపికగా లెక్క కట్టావు. విడివిడిగా చూస్తే మూడు కార్డుల్లో ఏదీ తప్పు కాదు. కానీ ఇలాంటి ఆటలో బలం కార్డులో ఉండదు, ఒక కార్డు ఇచ్చినదాన్ని ఇంకో కార్డు పట్టుకునే చోట ఉంటుంది. నీళ్లు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఎక్కడ దాటుతున్నాయో చూడకుండా చెరువులు మాత్రమే కొలిస్తే ఏం తెలుస్తుంది? చిన్నప్పుడు కిరాణా కొట్లో కొన్న రెజ్లింగ్ ట్రంప్ కార్డులు గుర్తున్నాయా, ఎత్తు, బరువు, ర్యాంకు చెప్పి ఎవరిది పెద్దదైతే వాళ్లు తీసుకోవడం. అందులో కార్డుకీ కార్డుకీ చుట్టరికం లేదు, కాబట్టి ఒక్కో కార్డుని విడిగా కొలిస్తే సరిపోయేది. నీ ఆటలో అన్నీ చుట్టరికాలే.

ఈ రకం ఆటలకి మొదలు అనుకునే మ్యాజిక్: ది గ్యాదరింగ్ 1993లో వచ్చింది, రిచర్డ్ గార్ఫీల్డ్ అనే ఆయన తయారు చేశాడు. అందులో ఒక వరస కార్డులు ఉండేవి, ఒక్కోటి 1 మానా పెడితే ఏదో ఒకటి మూడు ఇస్తుంది. మానా అంటే నీ నీళ్ల లాంటిదే. ఒకటి 3 దెబ్బలు కొడుతుంది, అది లైట్నింగ్ బోల్ట్. ఒకటి 3 ప్రాణాలు ఇస్తుంది, అది హీలింగ్ సాల్వ్. ఒకటి 3 కార్డులు ఇస్తుంది, అది యాన్సెస్ట్రల్ రీకాల్. ఇంకో రెండు కూడా అదే లెక్కలో ఉన్నాయి, ఒకటి ప్రాణి బలాన్ని 3 పెంచేది, ఒకటి 3 మానా ఇచ్చేది. కాగితం మీద ఎంత సమానంగా ఉందో చూడు, అన్నింటికీ అదే రేటు, అదే మూడు. కానీ ఆడేవాళ్లకి తేడా వెంటనే తెలిసిపోయింది. మూడు ప్రాణాలు ఇచ్చే కార్డుని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, మూడు దెబ్బల కార్డు ఇప్పటికీ మంచి కార్డే, మూడు కార్డులిచ్చేది మాత్రం ఆ ఆట చరిత్రలోనే అతి బలమైన వాటిలో ఒకటి, వింటేజ్ అనే పోటీల్లో దాన్ని కట్టకి ఒక్కటే పెట్టుకోనిస్తారు. ప్రాణం ఇంకో కార్డుకి పనికొచ్చే సరుకు కాదు, వచ్చి అక్కడే ఆగిపోతుంది. చేతిలో కార్డులు, ఖర్చు పెట్టే మానా అలా ఆగవు, ఇంకోదానికి దారి తీస్తాయి. నీ ఆటలో పుట్లు ఆగిపోయే సరుకు, నీళ్లు, కార్డులు పారే సరుకు. పుట్లు ఇచ్చే కార్డుల గురించి నువ్వు అంత భయపడక్కర్లేదు. పారే సరుకు ఇచ్చే ప్రతి కార్డునీ అనుమానంగా చూడు.

అలా చూస్తే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. కైకిలి ఒక్కసారి పని చేసి వెళ్లిపోతుంది, దానికి హద్దు ఉంది. మేస్త్రీకి సగం హద్దే ఉంది. నీరటికి అసలు లేదు, 'ప్రతిసారీ' అన్న ఒక్క మాటతో నువ్వు తూము తలుపు తీసి పెట్టేశావు. నీ 120 కార్డుల్లో 'ప్రతిసారీ', 'అన్నీ', 'ఎన్నైతే అన్ని' అన్న మాటలు ఎక్కడ ఉన్నాయో ఇవాళ రాత్రి ఎర్ర పెన్నుతో గీతలు కొట్టు. నేను చూసిన ఫొటోల్లోనే పద్నాలుగు దొరికాయి. అన్నీ మార్చాలని కాదు, కానీ రేపు వచ్చే తలనొప్పులు చాలావరకు ఆ పద్నాలుగులోనే ఉన్నాయి.

ఇలాంటిది పెద్ద కంపెనీలకే జరిగింది కాబట్టి నువ్వు చిన్నబుచ్చుకోకు. అదే మ్యాజిక్‌లో 2004 ఫిబ్రవరిలో స్కల్‌క్లాంప్ అని ఒక కార్డు వచ్చింది. రేటు 1, ఒక ప్రాణికి తగిలించడానికి ఇంకో 1. తగిలిస్తే ఆ ప్రాణి దాడి 1 పెరుగుతుంది, తట్టుకునే శక్తి 1 తగ్గుతుంది, అది చస్తే ఆటగాడికి 2 కార్డులు. తట్టుకునే శక్తి తగ్గించడం అనేది తయారీ చివర్లో చేసిన మార్పు, దాన్ని సరిగా ఆడి చూసుకునే టైం దొరకలేదు. చూడ్డానికి అది లోపం లాగా ఉంటుంది, కానీ శక్తి 1 ఉన్న చిన్న ప్రాణికి తగిలిస్తే అది అక్కడికక్కడే చస్తుంది, అంటే 1 మానాకి 2 కార్డులు, ప్రాణులు ఉన్నంతసేపు. ఆ ఏడు జూన్‌లోనే నిషేధించారు. నాలుగు నెలలు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు నాది గుర్తొస్తుంది. కొన్నేళ్ల కింద నేనొక చిన్న ఆట తయారు చేసి ప్రింటుకి ఇచ్చే ముందు రాత్రి ఒక కార్డు బలహీనంగా ఉందనిపించి రేటు 2 బదులు 1 అని దిద్దాను. ఒక్క అంకె. ఆ రేటు మీద ఇంకో రెండు కార్డులు ఆధారపడి ఉన్నాయని ఆ రాత్రి తట్టలేదు. 200 పెట్టెలు అచ్చయి వచ్చాక మొదటి ఆదివారం ఆడిన పిల్లలే మూడో ఆటకి కనిపెట్టారు. ఆ పెట్టెలు అమ్మలేకపోయాను, చాలా బాధపడ్డాను. అందుకే చెప్తున్నా, ప్రింటుకి ముందు నెల రోజులు ఏ కార్డు మీదా ఒక్క అక్షరం కూడా మార్చకూడదు అని నీకు నువ్వే గట్టి నియమం పెట్టుకో. ఆ నెలలో తప్పు దొరికితే దిద్ది మళ్లీ నెల లెక్కపెట్టు. సెలవులు దాటిపోతే దాటిపోనీ.

ఇంక 120 కార్డులు ఎలా చూడాలని అడిగావు. జంటలుగా చూడాలంటే 120 కార్డులకి 7,140 జంటలు, మూడేసి చొప్పున అయితే 2,80,840. ఎవరి వల్లా కాదు. కానీ కార్డులని వదిలేసి అవి చేసే పనులని చూడు. నీ కార్డులు చేసేవి ఎన్ని పనులు? నీళ్లు ఇవ్వడం, కార్డు ఇవ్వడం, ఆడేసినదాన్ని వెనక్కి తేవడం, రేటు తగ్గించడం, కట్టలో వెతికి తీయడం, ఒక పనిని రెండోసారి చేయించడం. నాకు ఈ ఆరు కనిపించాయి, మిగతావి పుట్లు పెంచేవి, ఎదుటివాడిని అడ్డుకునేవి. ఆరింటిని ఒకదానితో ఒకటి, తనతో తాను కలిపితే 21 గళ్లు. ఒక పెద్ద డ్రాయింగ్ షీట్ మీద గళ్లు గీసి ప్రతి గడిలో ఆ రెండు పనులు చేసే కార్డుల పేర్లు రాయి, ఆ గడిలో ఉన్న అతి చవక కార్డులు రెండూ కలిస్తే ఏమవుతుందో మాత్రం ఆడి చూడు. వెనక్కి తేవడం, నీళ్లు ఇవ్వడం కలిసే గడి, రేటు తగ్గించడం, కార్డు ఇవ్వడం కలిసే గడి, వెనక్కి తేవడం తనతో తాను కలిసే గడి, ఈ మూడింటిలోనే నీకు సగం పని దొరుకుతుంది. రేటు తగ్గించే కార్డులు ఎన్ని ఉన్నా సరే రేటు 1 కంటే కిందికి పోకూడదు అని నియమాల కాగితంలోనే రాసెయ్, సున్నా రేటు వచ్చిందంటే ఆగడం అన్నది ఉండదు.

కొత్త కార్డు వచ్చినప్పుడల్లా ఆ షీట్ దగ్గరికి మళ్లీ పోవాలి, ఇది మర్చిపోకు. మ్యాజిక్‌లో 2016 సెప్టెంబర్‌లో సహీలీ రాయ్ అన్న కార్డు వచ్చింది, ఒక ప్రాణికి ఆ వంతు వరకు నకలు తయారు చేస్తుంది. దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. 2017 జనవరిలో ఫెలిడార్ గార్డియన్ అన్న పిల్లి వచ్చింది, అది టేబుల్ మీదికి రాగానే నీ కార్డు ఒకదాన్ని తీసి మళ్లీ కొత్తగా పెడుతుంది. సహీలీ పిల్లికి నకలు చేస్తే, ఆ నకలు పిల్లి సహీలీని తీసి కొత్తగా పెడితే, సహీలీ మళ్లీ నకలు చేస్తే, లెక్కలేనన్ని పిల్లులు. రెండే కార్డులు. జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులు పరీక్షించి కూడా దాన్ని పట్టుకోలేకపోయారు, ఏప్రిల్‌లో పిల్లిని నిషేధించాల్సి వచ్చింది. తప్పు అంతా నాలుగు నెలల పాత కార్డుకీ కొత్త కార్డుకీ మధ్య ఉంది.

కలయికలే వద్దని నేను అనట్లేదు, అలా అనుకుంటావేమోనని భయంగా ఉంది. రెండు కార్డులు కలిసి ఎవరూ అనుకోనిది చేసినప్పుడు ఆడేవాడి ముఖంలో వచ్చే వెలుగు కోసమే కదా జనం ఈ ఆటలు ఆడేది. నువ్వు చూసుకోవాల్సింది ఆ కలయిక ఎంత తరచుగా వస్తుంది, ఎదుటివాడికి చూసుకునే టైం ఉందా అని. తరచు సంగతి లెక్క వేయొచ్చు. 40 కార్డుల కట్టలో రెండు వేర్వేరు కార్డులు, ఒక్కోటి మూడు చొప్పున ఉన్నాయనుకో, ఐదో వంతుకి నీ చేతికి 10 కార్డులు వచ్చి ఉంటాయి, ఆ పదిలో రెండు రకాలూ కనీసం ఒక్కోటి ఉండే అవకాశం 33 శాతం. మూడు ఆటలకి ఒకటి అన్నమాట. అవే కార్డులు కట్టకి ఒక్కోటే పెట్టుకోనిస్తే అది 6 శాతానికి పడిపోతుంది. ఒకే మాటలు, ఒకే రేటు, కానీ ఒకటి రోజూ జరిగేది, ఇంకోటి ఎప్పుడో జరిగి హాస్టలంతా చెప్పుకునేది. కాబట్టి ఇష్టమైన కార్డు ఏదైనా మరీ బలంగా ఉందనిపిస్తే దాని రేటు పెంచి చంపెయ్యకుండా 'కట్టకి ఒక్కటే' అని రాయి, ముందు అది ప్రయత్నించు.

ఇక్కడే నీ 'పట్వారీ' కార్డు గురించి చెప్పాలి. రేటు 2, కట్టలోంచి నచ్చిన కార్డు వెతికి తీసుకో. నువ్వు దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, కానీ నా లెక్కలో నీ ఆటలో నీరటి తర్వాత ప్రమాదం ఇదే. మూడు పట్వారీలు ఉన్నాయంటే ఏ కార్డు కావాలన్నా అది మూడు కాదు, ఆరు ఉన్నట్టు. పైన చెప్పిన 33 శాతం, 6 శాతం అన్నీ తలకిందులవుతాయి, ఒక్కటే పెట్టుకోవాలన్న నియమానికి కూడా విలువ ఉండదు. దాన్ని 'భూమి కార్డు ఒకటి వెతికి తీసుకో' అని మార్చు. పట్వారీ దగ్గర ఉండేది భూముల లెక్కే కదా, కథకి కూడా అదే నప్పుతుంది.

టైం సంగతి. ఏ పెద్ద కలయిక అయినా అందులో కనీసం ఒక కార్డు ముందు వంతులోనే టేబుల్ మీద కనపడాలి. ఎదుటివాడు చూసి, ఇది దేనికో అనుకుని, ఒక వంతు దొరికి, ఆ వంతులో ఏదో ఒకటి చేయగలగాలి. అతని చేతిలో విరుగుడు లేకపోతే అది వేరే మాట. నీ ఆటలో విరుగుడు కార్డులు తొమ్మిది ఉన్నాయి, వాటిలో ఆరు ఒక్కదానికే పనికొస్తాయి, ఉదాహరణకి 'బోరు ఎండింది' అన్నది బోరు కార్డు మీద తప్ప దేని మీదా పని చేయదు. ఎదుటివాడి కట్టలో బోరు లేకపోతే అది చేతిలో చచ్చిన ముక్క. అలాంటిది ఎవరు పెట్టుకుంటారు? పెట్టుకోకపోతే విరుగుడు ఉండి కూడా లేనట్టే. రెండిట్లో ఒకటి ఎంచుకో అన్నట్టు రాయి, ఎదుటివాడి భూమి కార్డు ఒకటి తీసెయ్, లేదా నువ్వొక కార్డు తీసుకో. అప్పుడు అందరి కట్టల్లో ఉంటుంది.

సమానం అన్న మాట గురించి కూడా ఒకటి. మీ ఊళ్లో పులి మేక ఆడే ఉంటావు, మా ఊళ్లో గుడి ముందు బండ మీద గీతలు చెక్కి ఉంటాయి, ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచేవి. 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకని తినగలదు, మేక దేన్నీ తినలేదు. బలంలో పోలికే లేదు, అయినా మేకల వైపు కూర్చున్న పెద్దమనిషి ఓపికగా ఒక్కో మేకనీ పెట్టుకుంటూ పులులని కదలకుండా కట్టేస్తుంటే చూసి నేర్చుకున్నవాళ్లం మనం. ఇద్దరికీ ఒకే బలం లేదు, ఇద్దరికీ గెలిచే దారి ఉంది. నీ వరి కట్ట, జొన్న కట్ట, ఆముదం కట్ట ఒకదానితో ఒకటి అచ్చు సమానంగా ఉండాలని కుస్తీ పడుతున్నావు, అది వదిలెయ్. వరి నీళ్లెక్కువ తాగి ఎక్కువ పండాలి, జొన్న తక్కువతో ముందే చేతికి రావాలి, కరువు కార్డు పడితే వరివాడు విలవిల్లాడాలి, ఆముదంవాడికి ఏం కాకూడదు. ఒక కట్ట ఇంకో కట్ట చేతిలో కొంచెం ఎక్కువ ఓడిపోతే ఫర్వాలేదు, అన్నింటి మీదా గెలిచే కట్ట మాత్రం ఉండకూడదు.

ఎంత ఓడితే ఎక్కువ అని అడుగుతావు. 20 ఆటల్లో ఒక కట్ట 12 గెలిస్తే కంగారుపడి కార్డులు దిద్దకు. అచ్చంగా సమానమైన రెండు కట్టలు ఆడినా అందులో ఒకటి, ముందే అనుకున్నది, 12 గాని అంతకంటే ఎక్కువ గాని గెలిచే అవకాశం 25 శాతం ఉంటుంది, బొమ్మ బొరుసు వేసినట్టే. 15 గెలిస్తే అప్పుడు కూర్చుని చూడు, అది ఊరికే జరిగే అవకాశం 2 శాతమే. ఆడేటప్పుడు ఎవరు గెలిచారన్నది ఒక్కటే రాయకు, ఎన్నో వంతుకి అయిపోయింది, ఎవరు ముందు మొదలుపెట్టారు, ఓడినవాడి చేతిలో ఆడలేక మిగిలిపోయిన కార్డులేవి అని కూడా రాయి. ఆ చివరిది చాలా చెప్తుంది. ఇంకోటి, పరీక్ష ఆటలు రెండు రకాలుగా పెట్టు. ఒకటి సరదాగా ఆడేవాళ్లతో. రెండోది నీ రూమ్మేట్ లాంటివాళ్లు ఇద్దరిని కూర్చోబెట్టి, ఆట ఆడొద్దు, ఆటని పాడు చేయండి, ఎవరు ఎక్కువ పాడు చేస్తే వాళ్లకి బిర్యానీ అని చెప్పి.

అరుదైన కార్డుల ప్రశ్నకి నా జవాబు గట్టిగానే ఉంటుంది. బలం అరుదుదనంలో పెట్టకు. మ్యాజిక్ వచ్చిన కొత్తలో ఒకే కార్డు ఇన్నే పెట్టుకోవాలన్న హద్దు లేదు, ఒక్కొక్కరూ కొన్నే కార్డులు కొంటారు, బలమైనది ఊరికొకటి ఉంటుంది అన్న అంచనాతో చేశారు. జనం అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు కొన్నారు, ఆ అంచనా నిలబడలేదు, ఆ తర్వాత ఒక కార్డు నాలుగుకి మించకూడదన్న నియమం వచ్చింది. నీ ప్యాకెట్ 20 రూపాయలు అన్నావు. జడ్చర్లలోనో దేవరకొండలోనో ఒక పిల్లాడు వారానికి ఒక ప్యాకెట్ కొంటాడు, ఇంకొకడి వాళ్ల నాన్న డబ్బానే కొనిస్తాడు. గెలవడానికి అరుదైన కార్డు మూడు కావాలంటే మొదటివాడు నెల రోజుల్లో మానేస్తాడు, నాకు ఆ పిల్లాడు ముఖ్యం. అరుదైన కార్డు వింతగా ఉండనీ, ఎవరో ఒకరి కట్టకి మాత్రమే నప్పేదిగా ఉండనీ, బొమ్మ బాగా వేయించు. పిల్లలమర్రి కార్డు అలాగే చేశావు, నీడలో ఉన్న మనుషులందరూ ఒక వంతు విశ్రాంతి తీసుకుంటే తర్వాతి వంతు రెండు పనులు చేస్తారని, అది చాలా నచ్చింది నాకు. కైకిలి, తూము, వరి చేను లాంటి రోజూ పనికొచ్చేవి మాత్రం ప్రతి ప్యాకెట్‌లో దొరకాలి.

ప్రింటయ్యాక నిషేధిస్తే సరిపోతుంది కదా అని రాశావు చివర్లో. ఫోన్లో ఆడే ఆటలకి ఆ సుఖం ఉంది, హార్త్‌స్టోన్‌లో 2015 అక్టోబర్‌లో వార్‌సాంగ్ కమాండర్ అన్న కార్డు మాటలే మార్చేశారు, తెల్లారేసరికి అందరి దగ్గరా మారిపోయింది. కాగితం కార్డు అలా మారదు. పిల్లాడు డబ్బులు పెట్టి కొన్నదాన్ని ఇక ఆడొద్దు అనాల్సి వస్తుంది, అది అప్పుడప్పుడూ తప్పదు, కానీ ముందే దాని మీద ఆధారపడి కూర్చోకు. జిరాక్స్ కాగితాలు కవర్లలో పెట్టి ఆడుతున్నన్ని రోజులు మార్పుకి అయ్యే ఖర్చు రెండు రూపాయలు, ఆ రోజులని ఎంత సాగదీయగలిగితే అంత సాగదీయి.

ఇప్పుడు నీరటి. తీసెయ్యకు. నీ ఆట పేరు గొలుసుకట్టు, అందులో నీరటి లేకపోతే ఇంక ఏముంది? అతనికి ఇలా రాయి: 'నీ వంతులో నువ్వు ఆడే మొదటి పని కార్డుకి 1 నీరు'. ఇద్దరు నీరటులు ఉంటే మొదటి పనికి 2 వస్తాయి, మంచి సాయమే, కానీ రెండో పనికి సొంత నీళ్లు పెట్టుకోవాలి, చక్రం అక్కడ తెగిపోతుంది. గుంపు మేస్త్రీకి 'అన్నీ' తీసేసి 'మేస్త్రీ కాని పని కార్డులు రెండు' అని రాయి.

మూడోది నియమాల్లో చేర్చమని అడుగుతున్నా. నీ చెరువుకి కొలత లేదు, ఎన్ని నీళ్లైనా పడతాయి. మన చెరువు అలా ఉండదు కదా, నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకి పోతాయి. చెరువు 7 నీళ్లు పడుతుంది, ఎనిమిదో నీరు నుంచి ఎదుటివాడి చెరువులోకి పోతుంది అని పెట్టు. నీళ్లు దాచుకుని ఒకేసారి కుమ్మరించేవాడికి అది కళ్లెం, వెనకబడినవాడికి ఆసరా. ఒక జాగ్రత్త, ఎప్పటికప్పుడు వరి చేనుకి పెట్టేస్తూ తిరిగే చక్రాన్ని ఈ మత్తడి ఒక్కటే ఆపలేదు, చెరువు నిండితేనే కదా దుంకేది, అందుకే నీరటి మాట మార్చడం తప్పనిసరి.

మూడూ ఒకేసారి మార్చకు, ఏది పని చేసిందో తెలియదు. ఈ వారం నీరటి ఒక్కణ్ని మార్చి, కైకిలి రేటు 1కి తెచ్చి, అదే కట్టని నీ రూమ్మేట్ చేతికే ఇచ్చి 20 ఆటలు ఆడించు. వచ్చే వారం మేస్త్రీ, ఆపై వారం మత్తడి. ఎన్నో వంతుకి అయిపోతున్నాయో ఆ అంకెలు నాకు రాసి పంపు, మత్తడి 7 దగ్గర పెట్టాలా 9 దగ్గర పెట్టాలా అన్నది అవి చూసి చెప్తా.